నలభై ఒక్క రాళ్ళు

మా రేవులో పెద్దాయన అంటే ఒక్కడే. వయసులో ఆయనకంటే పెద్దవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు గానీ, వాళ్ళని ముసలాళ్ళంటారు. ఈయన సంగతి వేరు. సముద్రం అడుగున నలభై ఒక్క రాళ్ళు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి. రాయి ఉన్నచోట చేప కాపురముంటుంది. మిగతావాళ్ళు నీళ్ళు చూసి, గాలి చూసి, దేవుడి మీద భారం వేసి గాలాలు వదిలితే, ఈయన తిన్నగా వెళ్ళి చేప ఇంటి తలుపు తట్టేవాడు. ఇద్దరు పట్టే పడవ. అందులో తనూ, కూతురూ. అంతే.

నేను రేవు గేటుకి ఎదురుగా కొట్టు పెట్టుకున్నవాణ్ణి. పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం, బ్యాటరీలు మార్చడం, చేతిలో పట్టుకునే జీపీఎస్‌లు అమ్మడం, వాటిలోకి మ్యాపులు ఎక్కించడం నా పని. పనిలో నాకు వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. మనిషిగా నాకు వంక పెట్టాల్సినవాళ్ళున్నారు గానీ, వాళ్ళకి ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

ముందు ఆయన పద్ధతి చెప్పాలి. దాన్ని రేవులో గురి చూడటం అంటారు. ఒడ్డు మీద ముందూ వెనకా ఉన్న రెండు గుర్తులు ఒకదాని మీద ఒకటి పడాలి. ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక నీళ్ళ ట్యాంకు సరిగ్గా దాక్కుందనుకోండి, అది ఎదురు గురి. అదే క్షణంలో పక్కకి చూస్తే కొండ మీది బడి గోడ మూల దీపస్తంభానికి ఆనుకుని ఉండాలి, అది పక్క గురి. రెండూ కలిసిన చోట రాయి. కాగితం లేదు, అంకె లేదు. ఆయన తండ్రి ఆయనకి చూపించాడు, ఆ తండ్రికి ఇంకెవరో చూపించారు. ఒక్కో రాయికీ ఒక పేరు కూడా ఉంది: నల్లరాయి, చెవుడు రాయి, రెండోపెళ్ళాం. ఆ పేర్లు కూడా బయట ఎవరికీ చెప్పేవాడు కాదు. నాకెలా తెలుసంటారా? వస్తాను ఆ మాటకి.

రేవులో ఎవడూ తన గురి నిజం చెప్పడు. "ఎక్కడ పడ్డాయి?" అంటే ఉత్తరాన పట్టినవాడు దక్షిణం వైపు చెయ్యి చూపిస్తాడు. అడిగినవాడు అది అబద్ధమని తెలిసే తలూపుతాడు. మర్యాద అలాంటిది. పెద్దాయన ఆ మర్యాద కూడా పాటించేవాడు కాదు. "నీళ్ళల్లో" అని వెళ్ళిపోయేవాడు. జనానికి ఒళ్ళు మండేది.

కూతురు పన్నెండో ఏట పడవెక్కింది. ఇప్పుడు ముప్ఫై దాటాయి. తాడు లాగి లాగి అరచేతులు చెప్పు అట్టల్లా అయిపోయాయి. వెనకాల మగరాయుడని పిలిచేవాళ్ళు. ముందు అనడానికి ఎవడికీ ధైర్యం లేదు. పెద్దాయన ఆమెకి ఏడాదికో రాయి చొప్పున నేర్పేవాడు, ఒక్కో ఏడాది అదీ లేదు. "రాయి ఇవ్వడమంటే పిల్లనివ్వడం లాంటిది, తొందరపడితే తర్వాత ఏడవాలి" అనేవాడు. ఇరవై ఏళ్ళకి ఆమె చేతికొచ్చినవి పద్నాలుగు. తన తండ్రి తనకి ఇంకా నెమ్మదిగా ఇచ్చాడని గొప్పగా చెప్పుకునేవాడు. ముసలివాళ్ళకి తమ తండ్రుల మొండితనం కూడా ఆస్తిలాగే కనబడుతుంది.

ఈలోగా ఒడ్డు మారిపోవడం మొదలైంది. నీళ్ళ ట్యాంకు పడగొట్టారు. బడి గోడకి అడ్డంగా ఆరంతస్తుల మేడ లేచింది. ట్యాంకు లేకపోయినా ట్యాంకు ఉండే చోటు ఆయన కళ్ళకి కనబడేది, కూతురికి ఖాళీ ఆకాశం కనబడేది. ఆపైన ఆయన కళ్ళకే వచ్చింది. నీటికాసులు అన్నాడు కంటి డాక్టరు. పక్క చూపు ముందు పోతుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, చుక్కలు వేసుకుంటే కాస్త నెమ్మదిస్తుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మిగిలిన చూపుకి ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళు. ఎదురు గురి చూసి పక్క గురి కోసం ఆయన తల తిప్పేలోపు పడవ జరిగిపోతోంది. ఆయన చనిపోవడానికి భయపడే మనిషి కాదు గానీ, రాళ్ళు తనతో పాటు గుడ్డివైపోతాయని మాత్రం భయపడ్డాడు. ఇరవై ఏడు రాళ్ళు ఇంకా కూతురికి ఇవ్వలేదు మరి.

అలా వచ్చారు ఇద్దరూ నా కొట్టుకి, ఒక మధ్యాహ్నం.

"యంత్రం కావాలి" అన్నాడు.

"ఏం యంత్రం బాబాయ్?"

"ఏం యంత్రమని నా నోటితో చెప్పించి సంబరపడదామనా? మీరందరూ పట్టుకు తిరుగుతారే, అదే."

పదేళ్ళుగా దాన్ని గుడ్డివాడి కర్ర అని ఎగతాళి చేసిన మనిషి. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మూడు తీసి అద్దాల బల్ల మీద పెట్టాను.

మొదటిది తెర మీద వేలితో తాకేది. రంగులు, హంగులు. పెద్దాయన నా మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి తెర మీద గీశాడు. అది పలకలేదు. మళ్ళీ గీశాడు. "తడి చేత్తో తాకితే అలిగేదాన్ని సముద్రానికి తీసుకెళ్ళి ఏం చేసుకోను? దీనికి గుడ్డ పట్టుకుని వెనకాల ఒకడు తిరగాలి" అని పక్కకి నెట్టేశాడు.

రెండోది మొద్దు సరుకు. నలుపు తెలుపు తెర, ఐదు బొత్తాలు. మ్యాపు లేదు. ఐదొందల చోట్లు గుర్తుంచుకుంటుంది, అక్కడికి ఎటు వెళ్ళాలో బాణం చూపిస్తుంది, అంతే. కంప్యూటర్‌కి తగిలించడానికి దానికి కన్నం కూడా లేదు. లోపల పెట్టింది లోపలే ఉంటుంది.

మూడోదానికీ బొత్తాలే, కానీ అంకెలు పెద్దవి. నీళ్ళలో పడితే తేలుతుంది. మ్యాపు ఉంటుంది. కేబుల్ పెట్టుకునే కన్నం ఉంది, రబ్బరు మూత కింద.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, రెండోదీ మూడోదీ చెరో చేతిలోకి తీసుకుని బొటనవేళ్ళతో తడిమాడు. "కళ్ళు పూర్తిగా పోయాక కూడా నొక్కగలగాలి" అన్నాడు. చాలాసేపు తడిమి రెండోదాన్ని ఎత్తాడు. "ఇది బాగుంది. ఇందులో పెట్టినవి ఎవడికీ కనబడవుగా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఆ మొద్దుదాన్ని ఆయన చేతిలో పెట్టి పంపేస్తే ఈ కథ లేదు. ఆయనకి కావాల్సింది అచ్చంగా అదే. నాకది తెలుసు. అయితే నా కొట్టు ఉన్నది మా బావగారి మేడ కింద గదిలో. బావగారంటే నా భార్యకి స్వయానా అన్న, ఆరు వల బోట్ల యజమాని, రేవు సంఘానికి పెద్ద. "ఆ ముసలాడు ఎప్పుడైనా నీ గడప తొక్కితే, నాకు పనికొచ్చేదే అమ్ము" అని రెండేళ్ళ కిందటే చెప్పి ఉంచాడు. బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరం ఆయనకి రానివ్వకపోవడం నా గుణం. పైగా నిజం చెప్పాలంటే, నాకూ ఒక దురద ఉంది. ఈ రేవులో పుట్టి పెరిగి ఒక్క రాయి తెలియనివాణ్ణి. పడవ ఎక్కితే వాంతులు చేసుకునేవాణ్ణని చిన్నప్పుడు మా నాన్న నన్ను ఒడ్డు మీదే వదిలేశాడు.

"అది పాత సరుకు బాబాయ్" అన్నాను. "మీరిద్దరూ వెళ్ళినన్నాళ్ళూ పర్వాలేదు. రేపు అమ్మాయి ఒక్కతే వెళ్ళాల్సొస్తే? పొగమంచు పడి ఒడ్డు కనబడకపోతే? దాంట్లో మ్యాపు లేదు. రాయి చూపిస్తుంది గానీ, దారిలో ఏం తగులుతుందో చూపించదు."

కూతురి మీద ఆయనకున్న ప్రేమే నాకు దొరికిన పిడి. అది పట్టుకుని తిప్పాను. ఆయన రెండోదాన్ని బల్ల మీద పెట్టేశాడు.

కూతురు మూడోదాన్ని తీసుకుని రబ్బరు మూత ఎత్తి చూసింది. "ఈ కన్నం దేనికన్నయ్యా?"

"మ్యాపు లోపలికి ఎక్కించడానికమ్మా."

"లోపలికేనా?"

"లోపలికే."

"ఇందులోవి బయటికి రావుగా?" అని పెద్దాయన మళ్ళీ అడిగాడు.

"రావు బాబాయ్."

మ్యాపు దగ్గర మాత్రం నేను ఏ కల్తీ చేయలేదు. ఊరికే దొరికేదొకటి ఉంది, అందులో రోడ్లన్నీ ఉంటాయి గానీ సముద్రమంతా నీలం దుప్పటే. లోతులు చూపించే ఇంకొకటి చూడముచ్చటగా ఉంది, కానీ అది పాత సర్వే మీద గీసింది. దాన్ని ఎక్కించి చూస్తే మా రేవు గట్టు తీసుకెళ్ళి రెండొందల గజాల అవతల నీళ్ళలో పడేసింది. మూడోది నెమ్మదిగా తెరుచుకుంటుంది, అయినా లోతులు సరైనవి. దాంట్లోంచి మా తీరం ముక్క మాత్రం కత్తిరించి, యంత్రం మొరాయించకుండా ఎక్కించాను. గట్టు చివరిదాకా నడిచి ఇనప స్తంభం దగ్గర సరిచూశాను. పెద్దాయన వెంట వచ్చాడు. స్తంభం మీద చెయ్యి వేసి, "ఎంత తేడా చెబుతోంది?" అన్నాడు.

"మూడు గజాలు."

"అంతేనా? ఈ వయసులో నా చెయ్యే అంతకంటే ఎక్కువ వణుకుతుంది."

తెర కంటికి ఆనించుకుని తన రాళ్ళ కోసం వెతికాడు. నల్లరాయి ఉండాల్సిన చోట మ్యాపులో ఏమీ లేదు. చెవుడు రాయి లేదు. ఒక్కటీ లేదు. "ఇంత పెద్ద సర్వేవాళ్ళకీ తెలియదన్నమాట" అని పొంగిపోయాడు. ఆ పొంగులో నాకు రెండు మూడు పేర్లు చెప్పేశాడు. ఆయన పరాయివాడికి చెప్పిన పేర్లు అవే అయి ఉంటాయి.

తొమ్మిది రోజులు సముద్రం తేటగా ఉంది. ఆ తొమ్మిది రోజులూ వాళ్ళు చేపలు పట్టలేదు. తండ్రి ఎదురు గురి చూడటం, "పక్కన ఏముంది చెప్పు" అని అరవడం, కూతురు చెప్పడం, ఆయన "ఇదే" అనగానే ఆమె బొత్తం నొక్కడం. నొక్కినప్పుడల్లా యంత్రం వేసిన నంబరు ఆమె పైకి చదివేది. ఇరవై ఏళ్ళలో ఇవ్వనివి తొమ్మిది రోజుల్లో ఇచ్చేశాడు, ఎలాగూ యంత్రం గుర్తుంచుకుంటుందని ఒడ్డు మీది గుర్తులు విడమరిచి నేర్పకుండానే. తిరిగొచ్చినప్పుడు వాళ్ళిద్దరూ గట్టు మీద ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ నడవడం చూశాను. నాకు అసూయ వేసింది. మా నాన్న నన్ను ఎప్పుడూ అలా పొడవలేదు.

పదో రోజు కూతురికి కబురు పంపాను, మ్యాపుకి సవరణ వచ్చింది, యంత్రం తెమ్మని. వచ్చింది. కేబుల్ తగిలించాను. ఆమెకి టీ తెప్పించాను. గ్లాసు సగమయ్యేసరికి నలభై ఒక్క రాళ్ళూ నా కంప్యూటర్‌లో ఉన్నాయి.

"ఆ ఎర్ర చుక్కలేంటన్నయ్యా?" అంది తెర వైపు చూస్తూ.

"మ్యాపులోవేనమ్మా, లోతు గుర్తులు" అన్నాను.

ఆమె టీ పూర్తి చేసి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళింది.

రెండు వారాలకి బావగారి బోటు ఒకటి చిరిగిన వలతో రేవుకొచ్చింది. దాన్ని నడిపే సరంగు నోటిదురుసు మనిషి. ఐసు పోసే చోట, పదిమంది బుట్టలు పట్టుకు నిలబడి ఉండగా, పెద్దాయన్ని నిలదీశాడు.

"ఏం పెద్దాయనా, నీ పదిహేడో రాయి అక్కడ లేదు! చుట్టూ వల వేస్తే, నువ్వు చెప్పినచోట ఇసుక, ఎనభై గజాల అవతల రాయి. వల నిలువునా చిరిగిపోయింది. ఏం మనిషివయ్యా నువ్వు?"

దొంగిలించిన గొడుగుకి కన్నముందని గొడుగు గలవాడితో పోట్లాడటం ఎక్కడైనా చూశారా? మా రేవులో చూశాం. నిలబడిన పదిమందిలో ఒక్కడూ "ఆయన రాయి నీ దగ్గరకెలా వచ్చిందిరా?" అని అడగలేదు. వల చిరిగిందే పాపం అని చప్పరించారు.

పెద్దాయన ముందు పకపకా నవ్వాడు. "ఓరి వెర్రివాడా! అది లంగరు వేసే చోటురా! లంగరు వేసి తాడు వదిలితే, నీటి ఒరవడికి పడవ వెనక్కి జారి రాయి మీద నిలబడుతుంది. ఎవడైనా రాయి నెత్తి మీదే లంగరు పడేస్తాడా? చేప ఉంటుందా ఇంక? మా నాన్న నాకు నేర్పింది లంగరు చోటే, నేను పెట్టిందీ అదే."

అదీ జరిగింది. రాయి అంటే ఆయనకి లంగరు జారవిడిచే చోటు. తాతల నాటి నుంచి వాళ్ళింట్లో గురి దానికే. ఆ పడవలో కాలు పెట్టనివాడికెవడికీ ఆ సంగతి తోచదు, నాకూ తోచలేదు.

ఆ తర్వాత ఆయన నవ్వు ఆగిపోయింది. పదిహేడు అన్న మాట అప్పుడు చెవికెక్కింది. ఆయన రాళ్ళకి పేర్లే గానీ అంకెలు లేవు. అంకెలు వేసింది యంత్రం.

సాయంత్రం ఒక్కడే గోడ తడుముకుంటూ నా కొట్టుకి వచ్చాడు. యంత్రం బల్ల మీద పెట్టాడు.

"నిజం చెప్పు. ఇందులోంచి బయటికి వస్తాయా, రావా?"

"రావని ఆ రోజే చెప్పాను కదా బాబాయ్."

"మరెలా వెళ్ళాయి?"

నాకు తెలియదు అంటే సరిపోయేది. అంతటితో ఆగితే నేను ఉత్త దొంగను. నేను ఆగలేదు. ఆయన నావైపే ముఖం పెట్టి, ఆ చిన్న గొట్టంలోంచి నా కళ్ళెక్కడున్నాయో వెతుకుతుంటే నాకు భయం వేసింది. భయపడినవాడి నోరు కంటే పాడు నోరు ఉండదు.

"యంత్రాన్ని మీరు కాక ఇంకెవరు ముట్టుకుంటారు బాబాయ్? నేను అనకూడదు గానీ... మా బావగారి బోట్ల ఇంజిన్ మెకానిక్కు ఉన్నాడే, అమ్మాయి వాడితో మాట్లాడుతుంటే నలుగురూ చూశారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"మాట్లాడుతుంది" అన్నాడు ఆయన. "మా ఇంజిన్ బాగుచేసేదీ వాడేగా." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "చాలాసేపు మాట్లాడుతుందా?"

ఆ ప్రశ్న విన్నాక నాకు పనేమీ మిగల్లేదని అర్థమైంది. మిగతాది ఆయనే చూసుకుంటాడు.

మూడు రోజులకి ఇద్దరూ వచ్చారు. కూతురి కళ్ళు వాచి ఉన్నాయి. పెద్దాయన కూర్చోలేదు.

"అన్నయ్యా, మీరే చెప్పండి నాన్నకి" అంది. "ఆ రోజు కేబుల్ పెట్టారు కదా. మీ తెర మీద ఎర్ర చుక్కలు చూశాను. ఇంటికెళ్ళి మన యంత్రంలో చూస్తే అవే చుక్కలు, అవే చోట్ల ఉన్నాయి. మీరు మంచివాళ్ళని అనుమానపడలేదు. వేరే ఎవరికీ తెలియక్కర్లేదు. నాన్నకొక్కడికి చెప్పండి చాలు."

ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. బతిమాలింది. నా ముందే, నేను చేసిన దొంగతనాన్ని దాచిపెడతానని నాకే మాటిచ్చింది. సిగ్గుతో నా చెవులు మండాయి. ఆ మంటని నేను కోపంగా మార్చుకున్నాను.

"చూడమ్మా, నువ్వు చదువుకోలేదు, ఇలాంటివి నీకు తెలియవు" అన్నాను. "నా కొట్టు మీద నింద వేయకు. నీ తప్పు కప్పుకోవడానికి నన్ను ముంచుతావా?"

ఆమె తండ్రి వైపు తిరిగింది.

పెద్దాయన యంత్రాన్ని నావైపు తోశాడు. "తుడిచెయ్."

"అన్నీనా బాబాయ్?"

"అన్నీ. అమ్ముకునేవాళ్ళ చేతుల్లో నా తండ్రి రాళ్ళు ఉండక్కర్లేదు. దాని బుర్రలో ఉన్న పద్నాలుగు ఎలాగూ తీయలేను, దాని పాపాన అది పోతుంది. కళ్ళున్నవాడివి, నువ్వు నొక్కు."

ఇప్పటికైనా ఒక్క మాట చాలు. నా వెనకున్న కంప్యూటర్‌లో ఆ నలభై ఒకటీ ఉన్నాయి, ఒక్క కేబుల్ తగిలిస్తే మళ్ళీ ఆయన చేతిలో ఉంటాయి, కూతురు ఆయన కూతురిగా ఉంటుంది. నేను నొక్కాను. ఒక్కొక్కటిగా తుడవక్కర్లేదు, అన్నిటినీ కలిపి తుడిచే బొత్తం ఒకటుంది, తయారుచేసినవాళ్ళు మహా ముందుచూపున్నవాళ్ళు. రెండు క్షణాలు పట్టింది.

కూతురు వచ్చి యంత్రం వెనక మూత తిప్పి, రెండు సెల్లులూ తీసి కొంగుకి కట్టుకుంది. "ఇవి నేను కొన్నవి" అంది. తండ్రి వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా పెద్దాయన విన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "నిజంగా ఏమీ లేదుగా ఇందులో? చూపించు." నా డబ్బాలోంచి కొత్త సెల్లులు వేసి ఖాళీ తెర ఆయన కంటికి ఆనించాను. "ఆఁ, ఏమీ లేదు" అన్నాడు. డాక్టరు చెప్పినదానికంటే తొందరగా పోయింది చూపు, అప్పటికి ఆయనకి తెర వెలుగు తప్ప ఇంకేమీ కనబడేది కాదు. నేను ఏం చూపించినా అదే అనేవాడు.

కూతురు ఐసు ఫ్యాక్టరీలో పెళ్ళలు కొట్టే పనిలో చేరింది. ఆ పొగగొట్టం కిందే. వేరే గదిలో ఉంటోంది. ఒక్కతే పడవ తీస్తానని సంఘాన్ని అడిగితే, తండ్రినే అమ్ముకున్న మనిషికి రేవులో చోటివ్వలేమని మా బావగారు నలుగురి ముందూ చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఏమాత్రం తడబడలేదు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే. ఆమెకి తెలిసిన పద్నాలుగింటిలో తొమ్మిదికి ఒడ్డు మీద గుర్తులు ఎప్పుడో పోయాయి. పడవ గట్టు పక్కన బోర్లా పడి ఉంది, కుక్కలు దాని కింద ఈనుతున్నాయి.

లంగరు సంగతి బావగారికి నేనే విడమరిచి చెప్పాను. అడిగాక చెప్పకుండా ఎలా ఉంటాను? ఏ నెలలో ఒరవడి ఎటో చూసుకుని ఎనభై గజాలు జరుపుకోవడమే. మరింక వలలు చిరగలేదు.

పెద్దాయన పొద్దున్నే రేవు మెట్ల మీద కూర్చుంటాడు. చూపు పూర్తిగా పోయింది. నేను రోజూ టీ పట్టుకెళ్ళి ఆయన పక్కన కాసేపు కూర్చుంటాను. రేవులో ఆయన నమ్మే మనిషిని నేనొక్కడినే. మొదట్లో వెళ్ళలేకపోయేవాణ్ణి, తర్వాత అలవాటైపోయింది. నాకు ఇది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, ఆ పావుగంట నాకు బాగుంటుంది. నాకో తండ్రి దొరికినట్టు ఉంటుంది.

బుట్టలు మెట్లెక్కుతుంటే ఆడవాళ్ళు జాలిపడి ఒకటి రెండు చేపలు ఆయన చేతికిస్తారు. మొప్పలు ఎత్తి వేలితో తడిమి, అందులో ఇరుక్కున్న మట్టి నలిపి చూసి, ఇది చెవుడు రాయిది, ఇది రెండోపెళ్ళానిది అంటాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. బావగారి బోటు ఆ రోజు ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు కాబట్టి, తప్పలేదని తెలిసినవాణ్ణీ నేనే.

నిన్న ఒక చేప ఇచ్చారు. అరచేతికి రెండు వేళ్ళు తక్కువ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తోక కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"నల్లరాయిది" అన్నాడు. "ఇది పిల్లరా. ఇంత చిన్నవాటిని కూడా తీసేస్తున్నారా?"

నేను టీ గ్లాసులోకి ఒంపాను.

"పడవెక్కిన రోజు దానికి మొదట నేర్పింది అదే. చిన్నదాన్ని వదిలెయ్యాలి, పెద్దదై మళ్ళీ వస్తుంది అని. పన్నెండేళ్ళ పిల్ల, గాలం విప్పి ముద్దు పెట్టుకుని మరీ వదిలేది." చేప ఆయన చేతిలోనే ఉంది. "అన్నీ చెప్పింది కదా వాళ్ళకి. ఇదొక్కటి చెప్పడానికి నోరు రాలేదా దానికి?"

"రాలేదేమో బాబాయ్" అన్నాను, టీ గ్లాసు ఆయన చేతికి అందిస్తూ.